నిమ్మకాయలు తొక్కించిన బండి

విజయదుర్గ వ్యాను సంగతి వారం వారం చదువుతున్నవాళ్ళకి మళ్ళీ మొదటినుంచీ చెప్పాలంటే నాకూ మొహమాటంగానే ఉంది. అలాగని ఈ వారమే పత్రిక చేతికొచ్చినవాళ్ళని నడిరోడ్డు మీద వదిలేసి పోలేను. రెండు ముక్కల్లో తేల్చేస్తాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

దిల్‌సుఖ్‌నగర్ వెనక, సరూర్‌నగర్ చెరువు వైపు పోయే సందుల్లో ఒక మూసుకుపోయిన సందు చివర ఉంటుంది విజయదుర్గ. తెనాలి పిల్ల. పాత వ్యాను ఒకటి కొనుక్కుని, కాలనీ పిల్లల్ని పెద్ద అంబర్‌పేట్ దగ్గరున్న స్కూలుకి తానే నడిపి తీసుకెళ్ళి, తానే తీసుకొస్తుంది. భర్త రాఘవేంద్ర కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్తాడు. అత్తగారు ఇందిరాదేవి ఇంట్లో పంచాంగం చెప్తారు. కిందటి నెల వ్యాను ముందు చక్రాల దగ్గర మరమ్మతు జరిగింది. అది జరిగిన కొద్ది రోజులకే, బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు భాగంలో, ఎడమ వైపు, ఎవరో వేలి కణుపుతో తలుపు కొట్టినట్టు 'టక్' మని ఒక చప్పుడు మొదలయింది.

ఆ చప్పుడు ఆమెకి తప్ప ఎవరికీ వినపడలేదు. రాఘవేంద్ర ఒకరోజు పక్కన కూర్చుని కొత్తపేట దాకా వచ్చి, సీటు కింద జాకీ దొర్లుతోందని తేల్చేశాడు. ఆమె జాకీ తీసి ఇంట్లో పెట్టింది. చప్పుడు మాత్రం వ్యానులోనే ఉండిపోయింది. ఆ మరమ్మతు చేసిన ఎల్బీనగర్ మెకానిక్ మధు నడిపి చూశాడు, బ్రేకులు విప్పి తుడిచి బిగించాడు, "మంచిగనే ఉందక్కా, పరేషాన్ గాకు" అని పంపించాడు. చివరికి పోయిన వారం ఆమే కనిపెట్టింది. వ్యాను వెనక్కి కదిలి, మళ్ళీ ముందుకెళ్ళాక వేసే మొదటి బ్రేకుకే ఆ చప్పుడు వస్తోంది. వాళ్ళది మూసుకుపోయిన సందు, రోజూ వెనక్కే రావాలి. అందుకే రోజూ కాలనీ గేటు దగ్గరే టక్. తర్వాత దారంతా నిశ్శబ్దం. గేటు బయట ఎక్కి పక్కన కూర్చుని చెవులప్పగించినవాళ్ళకి ఏం వినపడుతుంది?

ఆ లెక్క కూడా నిన్న సాయంత్రం తప్పింది. స్కూలు నుంచి వస్తుంటే ప్రతి బ్రేకుకీ టక్ మంది. పిల్లలు దాన్ని ఆట చేసుకున్నారు. ఆమె బ్రేకు మీద కాలు పెట్టడం ఆలస్యం, అందరూ కలిసి 'టక్' అని అరిచి పడీ పడీ నవ్వారు. వాళ్ళకది ఆట, ఆమెకి ప్రాణసంకటం.

అన్నట్టు రాఘవేంద్ర గురించి ఒక్క మాట. చప్పుడు విషయంలో వెక్కిరిస్తాడు గానీ చెడ్డవాడేం కాదు. రోడ్డు మీద ఎక్కడ భార్య కనబడినా, ఎంత తొందరలో ఉన్నా, బండి ఆపకుండా పోడు. పెళ్ళయిన కొత్తలో మొదలయిన అలవాటు, ఇప్పటికీ మానలేదు. కూరగాయల సంచితో నిలబడ్డ విజయదుర్గ పక్కన స్కూటరు కీచుమంటూ ఆగితే, కాలనీలో ఆడవాళ్ళు మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటారు. ఆమె పైకి విసుక్కుంటుంది, లోపల మురిసిపోతుంది.

ఇక ఈ పొద్దుటి సంగతి.

రాత్రి పడుకునే ముందు వ్యాను ముందు భాగం కింద పాత పేపర్లు పరచి వచ్చింది విజయదుర్గ. ఆ ఉపాయం పక్కింటి మట్టయ్యది. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు బాటసింగారం మార్కెట్టుకి పళ్ళ లారీ తోలిన మనిషి. ఆయన మనవరాలు జ్యోతిక వ్యానులో రోజూ ముందు సీటు కోసం కొట్లాడి మరీ కూర్చుంటుంది. "నూనె కారుతుందేమో సూడు బిడ్డా, పేపరు మీద సుక్క పడితే ఏడికెల్లి కారుతుందో తెలుస్తది" అన్నాడాయన.

పొద్దున్నే లేచి చూస్తే పేపర్ల మీద చుక్క నూనె లేదు. హమ్మయ్య అనుకుని, అద్దం తుడుద్దామని తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఆమె బరువుకి వ్యాను కొంచెం కుంగింది. కింద ఎడమ వైపు ఏదో ఇనుము ఇనుముకి తగిలి, కాగితం మీద పడ్డ చప్పుడయింది.

దిగి, వంగి చూసింది. పేపరు మీద ఒక నట్టు పడుంది. ఉసిరికాయంత ఉంటుంది. చుట్టూ మట్టి పట్టి ఉంది గానీ లోపలి మరలు కొత్త రూపాయిలా మెరుస్తున్నాయి. చాలా రోజులుగా తిరుగుతూ తిరుగుతూ ఊడివచ్చిన నట్టు అలాగే ఉంటుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే అర్థమయింది. నిన్న సాయంత్రం ఈ బండిలోనే, హైవే మీద, లారీల మధ్య, ఆ పిల్లలందరినీ ఎక్కించుకుని వచ్చింది తను.

తర్వాత చేయాల్సినవన్నీ చేసింది. పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో, వ్యాను బాగాలేదు, ఈరోజు రాదు, ఏమనుకోకండి అని పెట్టింది. తాళం చెవి చేతిసంచిలో వేసుకుంది. రాఘవేంద్ర స్నానాల గదిలో ఉన్నాడు. పూజ గదిలో ఇందిరాదేవి కళ్ళు మూసుకుని సహస్రనామం చదువుకుంటున్నారు. గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, వ్యాను ఎవరూ ముట్టుకోవద్దండి. మధు దగ్గరికి వెళ్ళొస్తాను, ఆయనకి చెప్పండి" అంది. మధ్యలో మాట్లాడితే మళ్ళీ మొదటినుంచీ చదవాలి కనుక ఆవిడ కళ్ళు తెరవకుండానే చెయ్యి ఊపారు. అది 'సరే' అనుకుంది విజయదుర్గ. పదిహేనేళ్ళుగా ఆ చెయ్యి ఊపుకి 'సరే' అనే అర్థం.

ఆటోలో కూర్చున్నంతసేపూ నట్టు గుప్పిట్లోనే ఉంది. ఆటోవాడు బ్రేకు వేసిన ప్రతిసారీ ముందు కడ్డీని గట్టిగా పట్టుకుంది. ఏ చప్పుడూ రాకపోతే దానికీ భయమే వేసింది.

మధు షెడ్డు ఎల్బీనగర్ చౌరస్తా దాటాక, వంతెన దిగే చోట, విజయవాడ రోడ్డు పక్కనే ఉంటుంది. వెనక గదిలోనే కాపురం. షట్టరు సగం ఎత్తి, బయట నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు.

"ఏందక్కా గింత పొద్దుగాల? బండేది?"

ఆమె గుప్పిట విప్పింది.

మధు నోట్లో బ్రష్షు అలాగే ఉండిపోయింది. చెంబులో నీళ్ళు పుక్కిలించి ఊసి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, నట్టు తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు.

"ఏడ దొరికింది?"

"వ్యాను కింద."

"ఏ దిక్కు?"

"ఎడమ వైపు. చప్పుడొచ్చే వైపే. ఇది నీదేనా కాదా, ముందది చెప్పు."

అతను అక్కడే ఉన్న టైర్ల దొంతర మీద కూలబడ్డాడు. మెకానిక్ మొహం వాడిపోతే చూసేవాళ్ళకి ఎంత భయమేస్తుందో, డాక్టరు మొహం చూసి భయపడ్డవాళ్ళకి తెలుస్తుంది.

"లోయర్ ఆర్మ్‌దక్కా" అన్నాడు చివరికి. "నేనేసిన నట్టే."

ఆ ఆర్మ్ ఏమిటో ఆమెకి మరమ్మతు రోజే చూపించాడు. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి. దాని మొదట్లో రబ్బరు బుష్, దాని మధ్యలోంచి పెద్ద బోల్టు. ఆ రబ్బరు అరిగిపోయి టైరు ఒక పక్కే తినేస్తోందని కొత్తది వేయించుకుంది తను.

"వేసినవాడివి బిగించలేదా?"

"బండి జాకీ మీదున్నప్పుడు గట్టిగ బిగించొద్దక్కా. రబ్బరు మెలిపడి చినుగుతది. చేత్తోటి తిప్పి ఇడిసిపెట్టాలె. బండి కిందికి దించి, బరువంత చక్రాల మీద పడ్డాక, కిందికి దూరి ఆఖరి బిగింపు బిగించాలె. గంతే పద్ధతి. కుడి దిక్కుది బిగించిన. ఎడమ దిక్కుకి ఒచ్చే టైముకి…"

ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో విజయదుర్గకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఆమె కూడా అక్కడే ఉంది ఆ రోజు.

శుక్రవారం. అత్తగారు తనతోపాటే వచ్చారు. అంతకుముందు నెలలో ఒక బస్సు వ్యానుని గీకి పోయినప్పటినుంచీ బండికి దిష్టి తగిలిందని ఆవిడ పట్టు. సంచిలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు. పదిన్నరకి రాహుకాలం వచ్చేస్తుంది, ఈలోగా బండి కదలాలి అని మధు నెత్తిన కూర్చున్నారు. మధు జాకీ దించి కుడి వైపు నట్టు బిగించాడో లేదో, ఆవిడ చక్రాలకి బొట్లు పెట్టి, ఒక్కో చక్రం కింద ఒక్కో నిమ్మకాయ పెట్టేశారు. మధు పానా పట్టుకుని, గోనెపట్ట పరుచుకుని ఎడమ వైపు దూరబోయాడు.

"పెద్దమ్మ ఒద్దన్నది" అన్నాడు మధు. "నిమ్మకాయలు పెట్టినంక బండి కిందికి మనిషి పోవద్దన్నది. గది నిజమే గదక్కా. చక్రాల కింద నిమ్మకాయ ఉండంగ నేనెట్ల దూరుత? మా ఇంట్ల గూడ దూరనియ్యరు. దిష్టంత మనిషికే తగుల్తది. మీరు తొక్కించి ముందుకు పోనిచ్చినంక బిగిస్త అనుకున్న."

"నేను ముందుకి పోనిచ్చాను" అంది విజయదుర్గ.

పోనిచ్చింది. నిమ్మకాయలు పచపచమని చితికాయి. అత్తగారు కొబ్బరికాయ కొట్టి, పక్క సీట్లో కూర్చుని, ఇక ఆపకు పద అన్నారు. శుభమా అని ముందుకు కదిలిన బండిని మళ్ళీ ఆపి, వెనక్కి తెచ్చి, కిందికి దూరడం ఆవిడ ఒప్పుకునే పని కాదు. అద్దంలో మధు చెయ్యి ఎత్తడం కనబడింది తనకి. వీడ్కోలు చెప్తున్నాడనుకుని తనూ చెయ్యి ఊపింది.

"ఆగుమని పిలిచిన. రేపు ఫోన్ జేసి పిలిపిస్త తియ్ అనుకున్న. గంతలనే ఇంకో బండి ఒచ్చింది. మర్చిన."

"మరి నేను చప్పుడని ఏడుస్తూ వచ్చినప్పుడైనా గుర్తు రాలేదా నీకు? బ్రేకులు విప్పావు, అవన్నీ చూశావు, అదొక్కటి చూడలేదా?"

"నేను జేసిన పని గద, అది మంచిగనే ఉంటదనుకున్న. మిగతయన్ని సూసిన. తప్పయిందక్కా. కొట్టినా పడత."

నిజంగానే కొట్టాలనిపించింది ఆమెకి. చెంప పగలగొట్టి, ఆ పిల్లల తల్లుల ముందు నిలబెట్టాలనిపించింది. మరుక్షణం తన చెయ్యే గుర్తొచ్చింది, అద్దంలోకి చూస్తూ ఊపిన చెయ్యి. అత్తగారినీ అనడానికి లేదు, పిల్లలు చల్లగా ఉండాలనే ఆవిడ నిమ్మకాయలు పెట్టింది. ఎవరిమీద విరుచుకుపడాలో తెలియక ఏడుపొచ్చింది.

"నట్టు ఊడితే ఏమవుతుంది?" అని అడిగింది.

"నట్టు లేకుంటే బోల్టు వట్టిగనే రంధ్రంల నిలబడి ఉంటది. మెల్లగ పోతే ఏం గాదు. జోరు మీద గట్టిగ బ్రేకు కొడితే చక్రం ఎనక్కి గుంజుతది, బోల్టు బయటికి ఒస్తది. గప్పుడు చక్రం మన మాట ఇనదు. దాని ఇష్టమొచ్చిన దిక్కు తిరుగుతది." చెప్పేసి, ఆమె మొహం చూసి, గబగబా అన్నాడు. "అయినా బండి ఇంటికాడనే ఉంది గదా? తాళం?"

"నా దగ్గరే ఉంది." సంచి తడిమి చూసుకుంది. ఉంది.

"ఇంకేంది మరి. దేవుడే కాపాడిండు. నట్టు, పానా పట్కొని నేనే ఒస్త. ఆడనే పండుకొని బిగిస్త. పైస గూడ ఇయ్యకు. ముందుగాల ఛాయ్ తాగు."

పక్క బండి నుంచి ఛాయ్ వచ్చింది. రెండు గుక్కలు గొంతు దిగాక ఆమెకి మొదటిసారి ఊపిరి సరిగా ఆడింది. నట్టు దొరికింది, దొంగ దొరికాడు, బండి సందులో నిద్రపోతోంది. రాఘవేంద్రకి చెప్పాలి. జాకీ అన్నావు కదూ, ఇదిగో నీ జాకీ అని ఆ నట్టు అతని చేతిలో పెట్టాలి. నవ్వు కూడా వచ్చింది. ఫోను తీసి అతనికి కలిపింది.

ఎత్తింది అత్తగారు.

"ఏవమ్మా, ఎక్కడికెళ్ళావు పొద్దున్నే? అబ్బాయి ఫోను చార్జింగులో వదిలేసి వెళ్ళాడు, అందుకే నేనెత్తాను."

"ఎక్కడికెళ్ళారండీ?"

"ఇంకెక్కడికి, స్కూలుకి. పిల్లలకి ఈరోజు పరీక్షటగా? వ్యాను రాదంటే ఎలా అని తల్లులందరూ గేటు దగ్గర పిల్లల్ని పెట్టుకుని నిలబడ్డారు. ఆ మట్టయ్యగారైతే కళ్ళనీళ్ళ పర్యంతం అయ్యారు. నువ్వు లేవు, ఫోను చేస్తే కలవడం లేదు. ఇలా మానేస్తే పిల్లల్ని వేరే వ్యానులో వేసేస్తారు, దుర్గ ఇంత కష్టపడి నిలబెట్టుకుంది, దాని మాట పోకూడదు, బండికేం లేదు, అదంతా ఆ చప్పుడు భయమే అని అబ్బాయే తీసుకెళ్ళాడు."

విజయదుర్గ సంచిలో తాళం మళ్ళీ తడిమి చూసుకుంది. "తాళం నా దగ్గరుంది కదత్తయ్యా."

"రెండో తాళం దేవుడి దగ్గర ఉందిగా. నిమ్మకాయలు తొక్కించిన రోజునే అక్కడ పెట్టాను. నేనే తీసిచ్చాను."

"ముట్టుకోవద్దని చెప్పాను మీకు."

"నువ్వేదో అన్నావు గానీ నేను సహస్రనామంలో ఉన్నాను, వినలేదమ్మా. ఏం, ఏమయింది? గొంతు అలా ఉందేంటి?"

"బయల్దేరి ఎంతసేపయింది?"

"ఇందాకే. ఈపాటికి ఎల్బీనగర్ వంతెన దగ్గరికి వచ్చుంటాడు. పాపం బండి వెనక్కి తీసి, గేటు దగ్గర బ్రేకు వేసి, చప్పుడేదీ రాలేదే అమ్మా అని నాతో చెప్పి మరీ వెళ్ళాడు."

ఛాయ్ గ్లాసు ఎప్పుడు జారిందో ఆమెకి తెలియదు. చప్పుడు రాలేదట. వెనక్కి తీసి, గేటు దగ్గర బ్రేకు వేస్తే, రాలేదట. ఆమె మొహం చూసే మధు లేచి నిలబడ్డాడు. విషయం విని, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"చప్పుడు రాకపోతే మంచిదేగా?" అంది ఆమె. అది ప్రశ్న కాదు, బతిమాలడం.

మధు తల అడ్డంగా ఊపాడు. "బోల్టు గుంజుకపోయి ఇరికిందక్కా. గందుకే కొట్టుకుంట లేదు. ఇగ కొస మీదనే నిలబడి ఉంటది."

ఇద్దరూ ఒక్కసారే రోడ్డు వైపు చూశారు. స్కూలుకి పోవాలంటే ఇదే దారి. వంతెన ఎక్కి, దిగి, ఈ షెడ్డు ముందు నుంచే పోవాలి. అతనికి ఫోను లేదు. ఎదురెళ్ళి ఆపడం తప్ప దారి లేదు.

ఆమె రోడ్డు అంచుకి పరిగెత్తింది. వంతెన మీంచి బస్సులు, ఇసుక లారీలు, బైకులు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. ఒక లారీ వెనకనుంచి, ముందు ఎండు మిరపకాయల దండ ఊగుతూ, తన వ్యాను బయటికొచ్చింది. వాలులో జోరుగా దిగుతోంది. ముందు సీట్లో, ఎడమ వైపు, రెండు జడలు. జ్యోతిక.

విజయదుర్గ రెండు చేతులూ పైకెత్తింది. ఎత్తిన చేతుల్ని మధు వెనకనుంచి పట్టి కిందికి లాగేశాడు.

"ఆపకక్కా. నిన్ను సూస్తే సారు బ్రేకు కొడతడు."

కొడతాడు. ఎంత తొందరలో ఉన్నా కొడతాడు. రోడ్డు పక్కన భార్య కనబడితే ఆగకుండా పోయిన రోజు అతని జన్మలో లేదు.

"నువ్వు దాక్కో. నేను బండి మీద పక్కపొంటి పోయి చెప్త. యాక్సిలేటర్ ఇడిసిపెట్టి, హ్యాండ్ బ్రేకు మెల్లగ గుంజుమంట. అది ఎనక చక్రాలకే పడతది." మధు అప్పటికే బైకు స్టాండు తీశాడు. కిక్కు కొట్టాడు. అంటుకోలేదు. మళ్ళీ కొట్టాడు.

విజయదుర్గ టైర్ల దొంతర వెనక్కి దూరి కూర్చుంది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది, చీర కుచ్చిళ్ళు లోపలికి దోపుకుంది. కట్టుకున్న మనిషి తనని చూడకూడదని ఆమె జీవితంలో ఎప్పుడూ కోరుకోలేదు. ఇప్పుడు కోరుకుంది. నన్ను చూడకు. ఇవాళ ఒక్కరోజు నన్ను చూడకుండా పో. బైకు అంటుకుంది, మధు రోడ్డెక్కాడు.

టైర్ల సందులోంచి ఆమెకి వ్యాను కనబడుతూనే ఉంది. దగ్గరికొస్తోంది. పిల్లలేదో పాడుతున్నారు. రాఘవేంద్ర కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. పోతున్నాడు, పోతున్నాడు, ఇంకొక్క క్షణమైతే దాటిపోతాడు.

గాలికి ఆమె పసుపుపచ్చ కొంగు టైర్ల పైకి లేచింది.

కిటికీలోంచి జ్యోతిక చిన్న చెయ్యి బయటికొచ్చింది. "అంకుల్, ఆంటీ" అని టైర్ల వైపు చూపించింది. రాఘవేంద్ర తల తిప్పాడు. భార్యని చూసి, రోజూ నవ్వినట్టే నవ్వాడు.

బ్రేకు పడి, వ్యాను ముక్కు కిందికి వంగింది. కుడి చక్రం తిన్నగా రోడ్డు వైపే చూస్తోంది. ఎడమ చక్రం ఆమె వైపు తిరిగింది.